అచ్చెక్కని పద్యనాటకాన్ని వెతుక్కుంటూ

సైడు వింగులో స్టూలు మీద కూర్చుని, కాళ్ళ దగ్గర లాంతరు పెట్టుకుని, పెదవి కదిలీ కదలకుండా మాట అందించే ప్రాంప్టరు గుర్తున్నాడా? ఆయన ఒళ్ళో ఓ పొడుగాటి బౌండు నోటుబుక్కు ఉండేది. అట్ట మీద రెక్సిను పగిలి, పేజీల అంచులకి వేళ్ళ జిడ్డు పట్టి, లోపల నల్లసిరా, ఎర్రసిరా, పెన్సిలు మూడూ కలగాపులగంగా ఉండేవి. తెల్లవార్లూ చూసిన నాటకమంతా అందులోనే ఉంటుందని జనం అనుకునేవాళ్ళు. ఉండేది కాదు. వచనం ప్రాంప్టరు దగ్గర, పద్యాలు నటుల దగ్గర, వరసలు హార్మోనిస్టు దగ్గర, ఏ రంగం తర్వాత ఏ రంగమో ఆడించే కాంట్రాక్టరు దగ్గర ఉండేవి. హాస్యం కాగితం మీద ఉండేదే కాదు. అచ్చు కాని పద్యనాటకాన్ని ఇవాళ వెతకబోయేవాళ్ళు ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఒక్క ప్రతి కోసం వెతికితే ఏళ్ళు గడిచిపోతాయి. ముక్కల కోసం వెతికితే నాటకం దొరుకుతుంది.

అంతంత పేరున్న నాటకాలు అచ్చెందుకు కాలేదని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. బుక్కు బయటికిపోతే ఇంకో నాటక సమాజం ఆడేస్తుందన్న భయమే పెద్ద కారణం. నాలుగు రూపాయలు తెచ్చే నాటకం ప్రతిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాళ్ళు. అచ్చయిన నాటకాలకైనా రంగస్థలం ప్రతి వేరే. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాలు అచ్చులో వేరు వేరు నాటకాలు. స్టేజీ మీద రాయబారమో కురుక్షేత్రమో ఆడేటప్పుడు వాటిలోంచి రంగాలు తీసి కుట్టుకున్నారు. బలిజేపల్లివారి హరిశ్చంద్ర కాటిసీనులో జనం కన్నీళ్ళు పెట్టుకుంటూ వన్స్ మోర్ కొట్టిన పద్యాలు జాషువాగారివి. నటులు తెచ్చి అందులో చేర్చినవి. ఆ నాటకాన్ని స్టేజీ మీదే ఎరిగిన తరాలకు ఆ పద్యాలు లేకుండా హరిశ్చంద్ర లేడు, అచ్చు పుస్తకంలో చూస్తే అవి లేవు. అందుకే చేతిరాత ప్రతి దొరికినప్పుడు అందులోని ప్రతి పద్యమూ ఆ కవిదేనని రాసేసుకోకూడదు. శైలి ఒక్కసారిగా మారినచోట, వేరే సిరాతో ఇరికించినచోట, పేజీ మధ్యలో చీటీ అంటించినచోట ఆగి చూడాలి.

మొదట తేల్చుకోవాల్సింది ఆ నాటకం నిజంగానే అచ్చు కాలేదా అన్నది. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకాలను సర్కారుకు దాఖలు చేయాల్సి ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో మూడు నెలలకోసారి ఆ జాబితాలు గెజెటుతో పాటు వచ్చేవి. పేరు, ప్రెస్సు, పేజీలు, వెల, ఎన్ని కాపీలు వేశారో అన్నీ ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరపడతారు. నాటకం పేరుతో ఒక్కసారి చూసి, లేదని వదిలేస్తారు. పాత నాటకాలకు రెండు పేర్లు ఉండటం మామూలు, మధ్యలో ‘అను’ పెట్టి. వాల్‌పోస్టరు మీద రెండో పేరే పెద్ద అక్షరాలతో పడేది. కాబట్టి రెండు పేర్లతోనూ, కవి ఇంటిపేరుతోనూ, ఆ ఊళ్ళో ప్రెస్సు పేరుతోనూ నాలుగుసార్లు చూడాలి. తర్వాత పాత లైబ్రరీలు: వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం 1898 నాటిది, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది. కేటలాగులో నాటకాల శీర్షిక కింద లేకపోతే పని అయిపోలేదు. రెండు మూడు చిన్న పుస్తకాలు కలిపి ఒకే బైండు కింద కుట్టించిన సంపుటాలు ఉంటాయి. కేటలాగులో మొదటి పుస్తకం పేరే ఎక్కుతుంది. ‘ఆ వరసలో బైండ్లు ఓసారి చూసుకుంటామండీ’ అని లైబ్రేరియనుగారిని మర్యాదగా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

సర్కారు దగ్గర చేతిరాత ప్రతులుంటాయేమోనన్న ఆశ కూడా సహజమే. ఇంగ్లండులో నాటకం ఆడాలంటే ముందుగా లార్డ్ ఛాంబర్లేన్ అనే రాజాస్థానపు అధికారి కచేరీకి ప్రతి పంపాల్సి ఉండేది. 1968 దాకా ఆ పద్ధతే. అందువల్ల అక్కడ అచ్చు కానివి కూడా వేల కొద్దీ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. మనకు 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం దారి వేరు. అది ఆపే అధికారం ఇచ్చింది కానీ, ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాల్లో తప్ప, ప్రతిని ముందే ఇవ్వాలని అడగలేదు. నిషేధం ఎదురైన నాటకమైతే ఆ ఫైలు కోసం సర్కారు పాత దస్తావేజుల భాండాగారాలు (ఆర్కైవ్స్) వెతకొచ్చు. మామూలు పౌరాణికానికి అటు వెళ్ళి లాభం లేదు.

ఇక మనుషుల దగ్గరికే. అందరూ మొదట కవిగారి ఇంటికి పరిగెడతారు. ఇంట్లో సాధారణంగా దొరికేది తొలి చిత్తుప్రతి, స్టేజీ ఎక్కిన నాటకం కాదు. మొదట వెళ్ళాల్సింది హార్మోనిస్టు ఇంటికి. నటులు మారతారు, సమాజం విడిపోతుంది, ప్రాంప్టరు మానేస్తాడు, హార్మోనిస్టు మాత్రం చుట్టుపక్కల పది ఊళ్ళ నటులకీ ఒక్కడే. ఏ రాత్రి ఏ కృష్ణుడొచ్చినా ఆయనే వాయించాలి, అందుకని ఏ రంగంలో ఏ పద్యం తర్వాత ఏ పద్యమో ఆయన దగ్గర రాసి ఉంటుంది. ‘మాస్టారి పెట్టె అటకమీదే ఉంది బాబూ, అందులో పనికొచ్చేదేముంది’ అంటారు ఇంట్లో వాళ్ళు. ఆ పెట్టెలోనే ఉంటుంది.

ఆ నోటుబుక్కులో ఒక పేజీ ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. ఎడమవైపు సన్నగా గీత కొట్టి రంగం అంకె. దాని పక్కన పాత్ర పేరులో మొదటి అక్షరం. తర్వాత ‘సీ’ అనో ‘ఉ’ అనో ‘తే.గీ’ అనో పద్యం గుర్తు (సీసం, ఉత్పలమాల, తేటగీతి), మొదటి రెండు మాటలు, చివర రాగం పేరు, శ్రుతి. ‘మోహన - 5’ అని ఉంటే ఆ నటుడు అయిదో శ్రుతిలో పాడతాడని. హార్మోనియం మీద ఒకటి అంటే సి మెట్టు, అయిదు అంటే జి, అయిదున్నర అంటే దాని పక్క నల్లమెట్టు. ఒకే పద్యం ఎదుట ‘5’ కొట్టేసి ‘4½’ అని రాసుంటే నటుడు మారాడనో, అదే నటుడికి వయసు మీద పడిందనో అర్థం. పాటలకైతే రాగం బదులు ‘ఫలానా మట్టు’ అని ఇంకో పాట మొదటి మాటలు రాసి ఉంటాయి. ధార్వాడ నుంచి వచ్చిన నాటక కంపెనీల దగ్గర్నుంచీ మన స్టేజీ మీదికొచ్చిన వరసలకు మాటలు కట్టుకోవడం అలవాటే. ఆ మూల పాట రికార్డు ఎక్కడైనా దొరికితే ఈ నాటకంలో పాట దానంతటదే నోటికి వస్తుంది. దొరక్కపోతే మాత్రం రాగం ఊహించి రాయకూడదు. మట్టు పేరు ఉన్నదున్నట్టు రాసి వదలాలి. రేపు ఎవరికో ఆ పాట తెలిసి ఉంటుంది.

హార్మోనిస్టు బుక్కు ఇచ్చేది అస్థిపంజరం. దానికి కండ పోర్షన్లతో పెట్టాలి. ఎవరి వేషానికి వాళ్ళ మాటలే రాసుకున్న పల్చటి నోటుబుక్కుల్ని పోర్షన్లు అనేవాళ్ళు. ప్రతి డైలాగుకీ ముందు ఎదుటి పాత్ర ఆఖరి రెండు మూడు మాటలు ఉంటాయి, అవి వినపడగానే ఎత్తుకోవడానికి. జోడించే పనంతా ఆ రెండు మాటల మీదే ఆధారపడి ఉంటుంది. ఒక్కో డైలాగునీ విడి చీటీ మీద రాసి, పైన అందుకునే మాట, కింద ముగిసే మాట వేరే రంగు సిరాతో గుర్తు పెట్టి నేల మీద పరిచి కలపాలి. రాజు, మంత్రి, నాయిక ముగ్గురి పోర్షన్లు దొరికితే వాళ్ళు ఎదురుపడే రంగాలు దాదాపు పూర్తయినట్టే. అతుకు కుదరని చోట రెండు కారణాలుంటాయి: మధ్యలో మూడో పాత్ర మాట ఉంది, లేకపోతే ఆ రెండు పోర్షన్లూ వేరు వేరు సమాజాలవి. రెండోది పెద్ద ప్రమాదం. ఒక సమాజం కత్తిరించిన రంగాన్ని ఇంకో సమాజం ఉంచుకుని ఉంటుంది. వాటిని కలిపేస్తే ఎవరూ ఎప్పుడూ ఆడని నాటకం తయారవుతుంది. అందుకని ప్రతి చీటీ మూలన అది ఎవరి ప్రతిలోదో ఒక అక్షరం గుర్తు వేయాలి.

పెద్ద వేషాలకు ఇంకో చిక్కు. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ముగ్గురు నటులు పంచుకునేవారు. పడక సీను ఒకరిది, రాయబారం మరొకరిది. కృష్ణుడి పోర్షను దొరికిందన్న సంతోషంలో అది ఎన్నో కృష్ణుడిదో చూసుకోకపోతే సగం నాటకం పోయిందని బెంగపెట్టుకుంటాం.

సురభి వాళ్ళ నాటకాలైతే దారి మరీ వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధతో మొదలుపెట్టినప్పటి నుంచీ అది కుటుంబాల నాటకం. తల్లి వేషం కూతురికి, తండ్రి వేషం కొడుక్కి నోటి నుంచి నోటికి వెళ్ళింది. అక్కడ కాగితం అడగడం కన్నా రిహార్సలుకు అనుమతి అడిగి కూర్చోవడం మేలు. రికార్డరు హార్మోనియానికి దగ్గరగా కాదు, నటులవైపు పెట్టాలి. లేకపోతే పద్యం ఎత్తుకునే మొదటి మాట హార్మోనియం హోరులో మునిగిపోతుంది, వెతుక్కునేటప్పుడు మనకు ముఖ్యంగా కావలసింది ఆ మొదటి మాటే. పెద్దావిడ ఎవరైనా ఉంటే, ‘అమ్మా, మీ అమ్మగారు ఈ చోట ఏమనేవారు?’ అని ఒక్కమాట అడిగి చూడండి. పాత పాఠం బయటికొస్తుంది.

గ్రామఫోను సెట్లు చాలామందికి తీపి గుర్తు. కుక్కబొమ్మ రికార్డు తిరుగుతుంటే వీధి వీధంతా అరుగుల మీద చేరేది. కానీ ఆధారంగా వాడుకునేటప్పుడు వాటి హద్దు తెలిసుండాలి. పది అంగుళాల 78 రికార్డు ఒక పక్క మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఆరు రికార్డుల సెట్టయితే పన్నెండు పక్కలు, ముప్పై ఆరు నిమిషాలు. రాత్రంతా ఆడే నాటకం అందులోకి దూరాలంటే వచనం పోతుంది, సీసపద్యంలో పాదాలు పోతాయి, రాగాలాపన కుదించుకుపోతుంది. కాబట్టి రికార్డులో లేదు కనక నాటకంలో లేదనకూడదు. లేబులు మీద నంబరు, నడుమ గీతలు లేని చోట గీసిన నంబరు రెండూ రాసుకోవాలి. ఒకే పద్యం రెండుసార్లు రికార్డు చేసి ఉంటే రెండో నంబరే తేడా చెబుతుంది. కొన్ని సెట్లతో చిన్న పాటల పుస్తకం ఇచ్చేవారు. రికార్డు పగిలినా పుస్తకం మిగిలిన ఇళ్ళున్నాయి. రేడియో ప్రతులు ఇంకో మంచి ఆసరా. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియోకి పంపేది టైపు ప్రతి. కార్బను కాపీ రాసినాయన ఇంట్లో ఉండిపోతుంది. గంటకో గంటన్నరకో కుదించింది అయినా, వచనం శుభ్రంగా దొరికేది అందులోనే.

తేదీ తేల్చడానికి కరపత్రాన్ని మించింది లేదు. పాత్రలు, నటులు, టిక్కెట్టు, రాత్రి ఎన్నింటికో అన్నీ ఉండి ఒక్క సంవత్సరం మాత్రం ఉండదు. తిథి, వారం, తేదీ మూడూ ఉంటే పాత పంచాంగాలతో సరిచూసి ఏడాది పట్టుకోవచ్చు. నోటుబుక్కు మొదటి పేజీలో ‘ప్రమోదూత’ అని సంవత్సరం పేరు ఉంటే తొందరపడొద్దు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది: 1930-31 కూడా ప్రమోదూతే, 1990-91 కూడా ప్రమోదూతే. బాల్‌పెన్నుతో రాసి ఉంటే మొదటిది కాదు.

చేతిరాత చదవడంలో అందర్నీ తికమకపెట్టేది వలపలగిలక. పాతవాళ్ళు ‘ధర్మము’ అని రాయరు, ‘ధమ౯ము’ అని రాస్తారు. మ పక్కన ఉన్నది తొమ్మిది అంకె కాదు, ముందు పలకాల్సిన రేఫ. కొత్తవాళ్ళు దాన్ని నకారపొల్లు అనుకుని ‘ధమన్ము’ అని టైపు చేసేస్తారు, పద్యం గణం చెడుతుంది, తప్పు కవి మీదికి పోతుంది. అరసున్నలు, బండి ‘ఱ’ ఉన్నచోట ఉన్నట్టే ఉంచాలి. ‘ప్ర’ అంటే ప్రవేశం, ‘ని’ అంటే నిష్క్రమణ, ‘వ’ అంటే వచనం.

చెదలు తిన్న పేజీ చేతికొస్తే గుండె జారుతుంది కానీ, పద్యం అయితే అంత నిరాశ అక్కర్లేదు. వచనంలో పోయిన మాట పోయినట్టే. వృత్తంలో మాత్రం ఎన్ని అక్షరాలు పోయాయో ఖచ్చితంగా తెలుస్తుంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదోది యతి. చంపకమాలకు ఇరవై ఒకటి, పదకొండోది. శార్దూలానికి పందొమ్మిది, పదమూడోది. మత్తేభానికి ఇరవై, పద్నాలుగోది. ఉత్పలమాల మూడో పాదం ‘కా’తో మొదలై, తొమ్మిదో అక్షరం తర్వాత చెద తినేసిందనుకోండి. పదో అక్షరం క, ఖ, గ, ఘల్లో ఒకటి, దాని అచ్చు అ, ఆ, ఐ, ఔల్లో ఒకటి అయి ఉండాలి. భ, ర, న, భ, భ, ర, వ గణాలు వేసుకుంటే గురువెక్కడో లఘువెక్కడో కూడా తెలిసిపోతుంది. రెండో అక్షరం ప్రాస, అది మిగతా మూడు పాదాల్లో కనబడుతూనే ఉంటుంది. ఈ లెక్కతో ఆ పద్యం వచ్చిన నటుడి దగ్గరికి వెళ్ళి మొదటి పాదం అందిస్తే, మిగతాది ఆయన రాగంలోనే అందుకుంటారు. చదవమంటే రాదు, పాడమంటే వస్తుంది. అలా వచ్చిన మాట లెక్కకు సరిపోతే రాసుకోవచ్చు. మన సొంత ఊహ అయితే తప్పనిసరిగా కుండలీకరణాల్లో పెట్టాలి. ఛందస్సు కుదిరినంత మాత్రాన కవిమాట అయిపోదు.

ఫొటోలు తీసేటప్పుడు ఫోనులో స్కానింగు యాప్ తెల్లగా నల్లగా మార్చే ఫిల్టరు పెట్టకూడదు. సిరా బాగా కనబడుతుంది కానీ పక్కన పెన్సిలు గుర్తులన్నీ చెరిగిపోతాయి. మామూలు రంగు ఫొటోలే తీయాలి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. ఖాళీ పేజీలు, అట్ట లోపలి వైపు, మధ్యలో పెట్టిన బస్సు టిక్కెట్టు కూడా తీసుకోవాలి. అంటుకున్న పేజీల్ని నీటి చుక్కతో విడదీయబోతే ఊదారంగు కాపీయింగ్ పెన్సిలు రాత అక్కడికక్కడే కరిగి చెదిరిపోతుంది. సెల్లోటేపు అసలే వద్దు, లామినేషను అంతకన్నా వద్దు. కవి కుటుంబం ఏ డీటీపీ సెంటరులోనో టైపు చేయించి ఉంటే ఆ ఫైలు ‘అను’ అనే, యూనికోడు కాని తెలుగు ఫాంటులో ఉంటుంది. యూనికోడులోకి మార్చాక ఒత్తులు, అరసున్నలు దారి తప్పుతాయి కాబట్టి చేతిరాతతో అక్షరం అక్షరం పోల్చుకోవాల్సిందే.

ఇంకొక్కటి మరవకూడదు. నోటుబుక్కు ఇచ్చినవాళ్ళకు కాగితం మీదే హక్కు, నాటకం మీద కాదు. మన కాపీరైటు చట్టం ప్రకారం కవి పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్ళ దాకా హక్కు వారసులది. కవి బతికుండగా అచ్చూ ప్రదర్శనా రెండూ లేక, తర్వాత అచ్చయితే అప్పట్నుంచి అరవై ఏళ్ళు. కాబట్టి ప్రదర్శన ఎప్పుడు జరిగిందో చెప్పే ఆ కరపత్రం ఇక్కడా అక్కరకొస్తుంది. వారసులు నలుగురుంటే నలుగురి సంతకాలూ తీసుకోవాలి. ఒరిజినలు ఎన్నాళ్ళకు తిరిగిస్తామో కాగితం మీద రాసిచ్చి, చెప్పిన రోజుకు ముందే ఇచ్చేయాలి. తిరిగిరాని ఒక్క నోటుబుక్కు వల్ల ఆ ఊళ్ళో పది ఇళ్ళ తలుపులు మూసుకుపోతాయి.

అన్నీ కలిపాక కూడా కొన్ని చోట్లు ఖాళీగా మిగులుతాయి. హాస్యగాడి రంగం దగ్గర ప్రాంప్టరు బుక్కులో ‘హాస్యం - 15 ని.’ అని మాత్రమే ఉంటుంది. ఆ పదిహేను నిమిషాలు ఆ రాత్రి ఆ ఊరి కరణాన్నీ కాంట్రాక్టరునీ చూసి అప్పటికప్పుడు పుట్టినవి. వాటిని మనం రాయకూడదు, ఆ మాటే ఉన్నదున్నట్టు దించాలి. మొదటి పేజీలో ‘ప్రార్థన’ అని ఒక్క మాట ఉంటుంది. చాలా సమాజాలకు అది చందాల కేశవదాసుగారి గీతమే, అందరికీ నోటికి వచ్చు కనక ఎవరూ రాసుకోలేదు. కానీ అన్ని సమాజాలకూ కాదు, కాబట్టి అడగాలి. ఆఖరి పేజీలో ‘మంగళం - మామూలే’ అని ఉంటుంది. ఆ మామూలు మంగళం ఏదో, ఏ శ్రుతిలో ముగించేవారో, ఇప్పుడు ఆ ఊళ్ళో చెప్పగలిగిన మనిషి ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. వాళ్ళు హార్మోనియం పెట్టె మూత తీసేలోపే రికార్డరు ఆన్ చేసి ఉంచాలి.